సముద్రం వైపు కుర్చీ

వైన్ గ్లాసుని ఎక్కడ పట్టుకోవాలో తనకి తెలియదన్న సంగతి, మూల టేబుల్ దగ్గర కూర్చున్నాక గానీ ఆమెకి తెలిసిరాలేదు.

చుట్టుపక్కల వాళ్ళు గ్లాసు కాడ పట్టుకున్నారు. ఆమె కూడా కాడే పట్టుకుంది. వాళ్ళు గ్లాసుని గుండ్రంగా తిప్పి, కళ్ళు మూసుకుని వాసన చూశారు. ఆమె కూడా తిప్పింది. సగం ఒళ్ళో పడింది. ఏడాదిగా పెట్టెలో దాచుకున్న బట్టలు. తగిన శాస్తి అయింది అనుకుంది.

కొండవాలున ద్రాక్షతోట ఆమె భర్తది. ఒడ్డున ఈ హోటల్ మరిదిది. తోటలో పిండిన వైన్ తిన్నగా ఇక్కడికే దిగుతుంది. ఇంటి వైనే అయినా ఆమె ఎప్పుడూ స్టీలు గ్లాసులో, నిలబడి, రెండు గుటకల్లో మింగేసేది. కూర్చుని తాగితే కొంచెం పుల్లగా ఉందని ఇవాళే తెలిసింది. ఆ ముక్క భర్త దగ్గర అనకూడదు.

నడి వేసవి, మధ్యాహ్నం. పదకొండు టేబుళ్ళూ నిండిపోయాయి. అందరి ముందూ రొట్టె, ద్రాక్షపళ్ళు, ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు, వైన్ జగ్గు. వేడిది ఒక్కటీ లేదు. ఆమె ఒక ఊరుచేప నోట్లో వేసుకుంది. ఉప్పు దంచి కొట్టింది. ఎవరితో చెప్పుకుంటాం అని ఊరుకుంది.

సముద్రాన్ని తీరిగ్గా చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. చూసింది. వచ్చిన అల వెళ్ళింది. వెళ్ళిన అల వచ్చింది. పది నిమిషాలకి ఆవలింత వచ్చింది. దీనికోసమా ఈ జనం ముక్కులు ఎర్రగా కాల్చుకుని మరీ వస్తారు అనుకుంది. టేబుల్ కింద కొత్త చెప్పులు కరుస్తున్నాయి. అయినా లేవలేదు. మెడ మీద తడి గాలి తగులుతోంది. ఆ ఒక్కటి మాత్రం బాగుంది. పట్టుబట్టి సంపాదించిన కుర్చీ కూడాను.

మరిది వచ్చి చెవి దగ్గర వంగాడు. "వదినా, నీకు దణ్ణం పెడతాను. ఈ టేబుల్ కోసం బయట ఆరుగురు నిలబడ్డారు."

"నిలబడనీ. కాళ్ళు లేవా వాళ్ళకి?" అంది. "నాకు కాల్చిన చేప ఒకటి, పీతల సూప్ ఒకటి పట్రా."

మరిది మొహం అదోలా పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ, ఆవిడ భర్త ఉన్నారు. ఆవిడ ఏదో బళ్ళో హెడ్మిస్ట్రెస్సు. వచ్చిన అయిదు నిమిషాల్లోనే అందరికీ ఆ సంగతి చెప్పేసింది. ఇప్పుడు చెంచాతో ప్లేటు మీద టకటకా కొట్టింది.

"ఏమయ్యా, గంటన్నర అయింది. చేపని పడుతున్నారా, పెంచుతున్నారా?"

మరిది చేతులు నలుపుకున్నాడు. "వంటావిడ అలిగిందండీ. వారానికో మధ్యాహ్నం సెలవిస్తే గానీ పొయ్యి వెలిగించదట. సీజన్ అయ్యాక చూద్దామంటే వినడం లేదు."

అంటూ వదిన వంక చూశాడు. ఆమె సముద్రం వంక చూసింది.

"మీరు ఈ ఊరివాళ్ళేగా? మీకు తెలుసా ఆ వంటావిడ?" అని హెడ్మిస్ట్రెస్సు ఆమెని అడిగింది.

"ఎందుకు తెలీదండీ," అంది ఆమె. వైన్ కొంచెం పనిచేసినట్టుంది, నోరు తేలికపడింది. "వట్టి మొద్దు. ఉప్పు వెయ్యడం మొదలుపెడితే చెయ్యి ఆగదు. రుచి చూసే వంకతో సూప్ పావు గిన్నె ఖాళీ చేస్తుంది. తనలో తను మాట్లాడుకుంటుంది. మొన్న ఒక పీతతో పోట్లాట పెట్టుకుంది. పీతే గెలిచింది."

హెడ్మిస్ట్రెస్సు పకపకా నవ్వింది.

"ఎన్నాళ్ళుగా చేస్తోందేమిటి ఇక్కడ?"

"పద్దెనిమిదేళ్ళు. ఆ వంటింటికి ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ చెత్తడబ్బాల వైపు. సముద్రం ఇరవై అడుగుల్లో ఉంది. ఏనాడూ కూర్చుని చూసిన పాపాన పోలేదు. ఏటా సెలవు అడుగుతుంది, సీజన్ అయ్యాక అంటారు, సరే అని తలూపి వెళ్ళి ఉల్లిపాయలు తరుగుతుంది. అంత తెలివి."

హెడ్మిస్ట్రెస్సు నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి మరిది వైపు తిరిగింది.

"పద్దెనిమిదేళ్ళా? మాకు వేసవికి రెండు నెలలు ఇస్తారు. చాలలేదని ఏడుస్తాం. వారానికి ఒక్క పూట ఇవ్వలేవా నువ్వు?"

"అది కాదండీ, ఆ పూట ఎవరు వండుతారు?"

"నీకు చేతులు లేవా?"

వెనక ఎవరో చెంచాతో బల్ల మీద కొట్టారు. ఇంకెవరో అందుకున్నారు. కాసేపటికి పదకొండు టేబుళ్ళూ మోగిపోయాయి. హెడ్మిస్ట్రెస్సు భర్త అంతసేపటికి నిద్రలేచి, ఎందుకో తెలియకపోయినా తనూ కొట్టాడు. ఆమె కూడా కొట్టింది. మళ్ళీ వైన్ ఒలికింది.

మరిది మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "సరే. అందరి ముందూ చెబుతున్నాను. ప్రతి బుధవారం మధ్యాహ్నం సెలవు. ఆ పూట నేనే వండుతాను."

"అయితే బుధవారం ఈ కుర్చీ నాకు అట్టేపెట్టు," అంది ఆమె. "నువ్వు వండింది తింటాను."

"మీకు గుండెధైర్యం ఎక్కువే," అంది హెడ్మిస్ట్రెస్సు. "ముందు ఆ వంటావిడకి కబురు చెయ్యండమ్మా, కడుపు కాలిపోతోంది. ఉప్పు కాస్త చూసుకుని వెయ్యమని కూడా చెప్పండి."

"చెబుతానండీ. వింటుందని మాత్రం నమ్మకం లేదు."

గ్లాసులో మిగిలిన చుక్క కూడా తాగేసి, కరుస్తున్న కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని, ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.