కాటమ్మ నడిపించిన మనిషి

“చెయ్యి లేపుమని మళ్లొకసారి అనకు బిడ్డా. కుట్లు పడ్డ ఒళ్లు ఇది,” అంటూ కాటమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

శ్రీవాణి మంచం పక్కకు కుర్చీ జరుపుకుంది. సూర్యాపేటలో ఆమె ఫిజియోథెరపిస్టు. క్యాన్సర్ చికిత్స ముగించుకుని ఇంటికొచ్చినవాళ్లను మళ్లీ లేపి నడిపించడం ఆమె పని. అందుకోసమే వారం వారం కోదాడ వస్తుంది.

కాటమ్మకు ఎడమ రొమ్ముకు ఆపరేషన్ అయింది. కీమో, రేడియేషన్ ఎండాకాలంలోనే పూర్తయ్యాయి. ఇక నడవాలని, చెయ్యి ఆడించాలని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఇంట్లోవాళ్లు మాత్రం ఆమెను మంచం దిగనివ్వడం లేదు. మంచినీళ్ల గ్లాసు కూడా కోడలు అక్షితే చేతికందిస్తుంది.

“కుట్లు మానినయని డాక్టర్ సారే చెప్పిండు గదమ్మా. పండుకున్నకొద్దీ నీరసం ఎక్కువైతది. చెయ్యి బిగుసుకపోతది,” అంది శ్రీవాణి.

“లేసి నిలబడితేనే కాళ్లు వణుకుతున్నయి. పైగా ఈ బోడినెత్తి సూసి బజార్ల అందరూ అయ్యో పాపం అంటరు. ఆ మాట నేను పడలేను.”

నాట్లు వేసే ముఠాకు ఏళ్ల తరబడి పెద్దగా ఉన్న మనిషి కాటమ్మ. ఆమె గొంతు వినిపిస్తే మడిలో నడుం ఎత్తి నిలబడ్డవాళ్లు మళ్లీ వంగేవాళ్లు. అలాంటి ఆమెను చూసి ఎవరైనా జాలిపడటమా?

శ్రీవాణి మాట మార్చింది. “సరే, నీ సంగతి పక్కకువెడదాం. నాకొక సాయం చెయ్యి. వెనక కాలనీల సోమమ్మ అని ఉన్నది. మిర్యాలగూడ నుంచి వచ్చి కిరాయికుంటున్నరు. ఆమెకూ నీకైన ఆపరేషనే అయింది. నేనెంత మొత్తుకున్నా గడప దాటుతలేదు. నీ అసొంటి పెద్దమనిషి చెప్తే వింటదేమో.”

“ఎందుకు దాటదంట?”

“కాళ్లు వణుకుతయంటది.”

కాటమ్మ ఇటు తిరిగింది.

మర్నాడు పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే అక్షిత అడ్డం వచ్చింది. “ఎటు పోతున్నవ్ అత్తమ్మా? నడుమల పడితే ఎట్ల?”

“నేను నడవనీకి పోతలేనే. ఆ సోమమ్మను లేపనీకి పోతున్న,” అంది కాటమ్మ.

సోమమ్మ గడప మీదే కూర్చుని ఉంది. కాటమ్మ ఈడుదే. కొంగు తలమీంచి దించడం లేదు.

“నాతోని కాదక్కా,” అంది.

“ఏం కాదు. ఆ కరెంటు స్తంభం దాకా రా. అలిస్తే ఆగుదాం.”

స్తంభం చేరకముందే సోమమ్మ ఓ అరుగు చూసి కూలబడింది. కాటమ్మకూ ఆయాసంగానే ఉంది. కూర్చుందామని తాను అడగాల్సిన పని లేకపోవడం లోలోపల హాయిగా అనిపించింది. పైకి మాత్రం, “గింత దూరానికే గిట్లయితే ఎట్లనే,” అని కసిరింది.

ఇక ఆ కసరడం రోజూ ఉండేది. సోమమ్మ ఒక్కనాడూ తనంతట తాను బయల్దేరదు. వాన పడుతుందంటుంది, మోకాలు పట్టేసిందంటుంది. కాటమ్మ వెళ్లి చెయ్యి పట్టి లేపాల్సిందే. అలా లేపుతూ లేపుతూ స్తంభం దాటించింది, కాలేజీ బస్సులు ఆగే మూల దాటించింది. గోడ మీద వేళ్లను పైపైకి పాకించి చెయ్యి లేపడం శ్రీవాణి నేర్పినప్పుడూ సోమమ్మ వెనక్కే నిలబడింది.

“ముందు నువ్వు పాకియ్యక్కా. నువ్వెంత పోతే నేనంత పోత.”

కాటమ్మ పళ్లు బిగించి వేళ్లు పాకించింది. చంకలో లాగినట్టయితే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ పాకించింది. రోజులు గడిచేకొద్దీ గోడ మీద చెయ్యి మెల్లగా పైకి చేరింది. ఒకరోజు అక్షితను అడక్కుండా తన జాకెట్టు తానే తొడుక్కుంది. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

అంతా బాగుందనుకున్న సమయంలో బస్సుల మూల దగ్గర పాత ముఠా మనిషి ఒకామె ఎదురైంది. “అయ్యో పాపం కాటమ్మా, ఎట్లుండెదానివి ఎట్లయినవే,” అని కళ్లొత్తుకుంది. కాటమ్మ అక్కడి నుంచే వెనక్కి మళ్లి ఇంటికొచ్చి పడుకుంది. మర్నాడు లేవలేదు. ఆ మర్నాడు కూడా లేవలేదు.

సోమమ్మ ఫోన్ చేసింది. “నువ్వు రాకపోతే నేనూ రానక్కా. ఇగ నా నడక ఖతం.”

“నేను లేకపోతే ఒక్కదానివి నడవలేవా?”

“నడవలేను.”

కాటమ్మ ఫోన్ మంచం మీద పడేసి చెప్పులు వెతుక్కుంది. “మనిషి ఇంత మొండిదైతే ఎట్లనో,” అని గొణుక్కుంటూ గేటు దాటింది. ఆ రోజు ఇద్దరూ సాగర్ కాలువ దాకా వెళ్లారు. దారిలో ఎవరెవరు ఎదురయ్యారో కాటమ్మ గమనించనే లేదు.

సద్దుల బతుకమ్మ నాటికి కాటమ్మ నెత్తిన పొట్టి వెంట్రుకలు వచ్చాయి. కొంగు కప్పుకోలేదు. అక్షిత బతుకమ్మను ఎత్తుకొచ్చి కాలనీ మైదానంలో పెడితే, కాటమ్మ ముందు నిలబడి పాట ఎత్తుకుంది. రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. పక్కనే సోమమ్మ కూడా అంతెత్తుకు లేపింది. ఆ మధ్య కళ్లొత్తుకున్నామె వాళ్ల వెనకే అడుగు కలుపుతూ ఆయాసపడింది.

ఆట ముగిశాక శ్రీవాణి వచ్చింది. కాటమ్మ గర్వంగా సోమమ్మ భుజం తట్టింది. “సూసినవా బిడ్డా, ఈమె చెయ్యి ఎంత పైకి లేస్తున్నదో? గడప దాటని మనిషిని ఎట్ల తయారుజేసిన?”

“సూసిన,” అంది శ్రీవాణి. “నడిగూడెంల ధనలక్ష్మి అని ఇంకొకామె ఉన్నది. ఆపరేషనయినకాడి నుంచి దుప్పటి తీస్తలేదు.”

“రేపే పోదాం. నాలుగు మాటలు గట్టిగ చెప్త. ఎట్ల లేవదో సూస్త.”

సోమమ్మ నవ్వుతూ కాటమ్మ చెవి దగ్గరకు వంగింది.

“చెప్తే లేవదక్కా, నిన్ను లేపనీకి నేనేసినట్టు మొండికెయ్యి.”