కెటూరా ఓటు

"ఈవిడ మళ్లీ పెళ్లెందుకు చేసుకోలేదో ఇప్పుడు తెలిసింది. మొగుడొస్తే ఓటు పోతుందిగా!"

పీపాలు చేసే రూబెన్ అన్న ఈ మాటకు సత్రం వరండాలో వరసగా నిలబడ్డ మగవాళ్లంతా గొల్లున నవ్వారు. కెటూరా తల దించుకుంది. బర్లింగ్టన్‌లో ఆ రోజుల్లో ఆస్తి ఉన్న వితంతువులు, పెళ్లికాని ఆడవాళ్లు ఓటెయ్యడం కొత్తేమీ కాదు. మొగుడున్న ఆడదానికి మాత్రం ఆస్తీ అతనిదే, ఓటూ అతనిదే. కొవ్వొత్తుల కొట్టు తన పేరు మీదికి వచ్చాక కెటూరా ఏ ఎన్నికా వదల్లేదు. దేశపు చట్టసభ అయిన కాంగ్రెసుకు ఎవర్ని పంపాలో తననూ ఒకరు అడుగుతున్నారంటే ఆమెకు అదొక పండగ. కానీ ఇవాళ పడుతున్నంత సిగ్గు మొదటిసారి ఓటేసిన రోజున కూడా పడలేదు.

"నోరు ముయ్యవయ్యా!" ఓటు పెట్టె దగ్గర కూర్చున్న అధికారి లెవై స్టోక్లీ కసిరాడు. "నువ్వు రా అమ్మా. ఎనొక్ ఉంటే నిన్నిలా అననిచ్చేవాడా?"

భర్త పేరు వినగానే ఆమెకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రూబెన్ పట్టు విడవలేదు. "అలా ఊరికే వదిలేస్తారేంటి లెవై గారూ? భర్త లేడని ప్రమాణం చేయించండి. ఆవిడ ఓటు మావాడికి పడదని నాకు తెలుసు."

"ఈవిడ మతంవాళ్లు, క్వేకర్లు, ప్రమాణాలు చెయ్యరని తెలీదా నీకు? ఎప్పుడూ నిజమే చెప్పేవాళ్లకి ఒట్లెందుకు?" అని లెవై ఆమె వైపు తిరిగాడు. "నీ నోటితో ఒక్క మాట చెప్పమ్మా, చాలు."

కెటూరా చేతిలోని ఓటు చీటీని ఇంకో మడత పెట్టింది. ఎంతటివాడినైనా 'నువ్వు' అనే పిలవడం క్వేకర్ల అలవాటు. చివరికి ఎలాగో అంది.

"ఎనొక్ ఎక్కిన ఓడ మునిగిందని నాలుగేళ్ల కిందట కబురు తెచ్చింది నువ్వే కదా, లెవై. అప్పట్నుంచీ కొట్టు నేనే నడుపుకుంటున్నాను."

ప్రతి మాటా నిజమే. అందుకే తన మీద తనకే అసహ్యం వేసింది.

లెవై కళ్లు చెమర్చాయి. లేచి నిలబడి టోపీ తీశాడు. అది చూసి వరసలో ఉన్నవాళ్లూ ఒక్కొక్కరే తీశారు. ఆఖరికి రూబెన్ కూడా తీసి, "తప్పయిందమ్మా. ఎనొక్ బంగారంలాంటి మనిషి," అని గొణిగాడు.

వాళ్లు తిట్టినా బాగుండేది. చీటీ చించేసి పారిపోదామనుకుంది. కానీ చెయ్యి దాని పని అది చేసేసింది. చీటీ పెట్టెలో పడింది. లెవై దారి ఇవ్వమని అందరికీ చెప్పి, వీధి మొగదాకా తోడొచ్చి మరీ సాగనంపాడు.

ఇంటికొచ్చి కొట్టు తలుపు లోపల గడియ పెట్టుకుంది. మేడ మీది గది ముందు చాలాసేపు నిలబడి, మొహం తుడుచుకుని తాళం తీసింది.

"ఇక నువ్వు బతికొచ్చావని ఊరికి చెప్పొచ్చు, ఎనొక్."