శ్రుతి తగ్గిన యంత్రం

నడుం కిందికి మాత్రమే మత్తిచ్చారు కాబట్టి, ఆపరేషన్ బల్ల మీద కూడా సంగీతం మాస్టారి నోటికి అడ్డు లేకపోయింది.

"డాక్టరమ్మా, మీ యంత్రం టింగు టింగుమంటూ కిందికి జారుతోంది. కాస్త శ్రుతి చేయించండి."

"అది హార్మోనియం కాదు మాస్టారూ," అంది మత్తు డాక్టరు, సెలైన్ సర్దుతూ.

"హార్మోనియమైతే ఊరుకుందునా? ఇదిగో, ఇంకో అర స్వరం దిగింది."

డాక్టరు చెవి రిక్కించింది. చటుక్కున వంగి, ఆయన భుజం కింద నలిగిన ఆక్సిజన్ గొట్టాన్ని లాగి సరిచేసింది. టింగు మెల్లగా పైకెక్కింది.

"ఆ, ఇప్పుడు దారికొచ్చింది. ఏమిటి లోపం?"

"యంత్రంలో ఏం లేదండీ. మీ రక్తంలో ఆక్సిజన్ తగ్గితే, అది శ్రుతి తగ్గించి మాకు చెబుతుంది."

మాస్టారి ముఖం మాడిపోయింది.

"అంటే ఇంతసేపూ శ్రుతి తప్పింది నేనా? బయట మా శిష్యులున్నారు. వాళ్లకి చెప్పకు తల్లీ."