చివరింటి కుళాయి

చుక్కలాయన మళ్లీ వచ్చాడని వీధంతా విసుక్కుంది.

చుక్కలాయనంటే తాగుబోతు అనుకునేరు. అరవై దాటిన మనిషి, భుజానికో గుడ్డసంచి, అందులో వేలెడంత గాజుసీసాలు, ఒక మందు. కుళాయి నీళ్లు సీసాలో పట్టి నాలుగు చుక్కలు ఆ మందు వేస్తాడు. పురుగుల్ని చంపే క్లోరిన్ నీళ్లలో ఉంటే లేత పసుపు రంగు తేలుతుంది. లేకపోతే తెల్లగా ఉండిపోతాయి.

ప్రతిసారీ వీధి చివరింటికే వచ్చేవాడు. గొట్టం అక్కడితో ఆఖరు. నీళ్లు చెడితే ముందు తెలిసేది అక్కడేనట.

ఆ ఇంటావిడకు భర్త లేడు. కూతురు బట్టల మిల్లుకు వెళ్తే, మూడేళ్ల మనవరాలిని పగలంతా చూసుకునేది ఈవిడే. పంచప్రాణాలూ ఆ పిల్లమీదే.

మొదటిసారి వచ్చినప్పుడే ఆవిడ గుమ్మంలో నిలబెట్టి అడిగింది, ఫిల్టర్లు అమ్ముకోవడానికి వచ్చావా అని. ఇలాంటి గారడీలు చేసి, భయపెట్టి మిషన్లు అంటగట్టేవాళ్లను ఆ వీధి చాలామందిని చూసింది. అమ్మడానికి తన దగ్గర ఏమీ లేదన్నాడాయన. మరి ఏ ఆఫీసు అంటే నీళ్లు నమిలాడు.

చుక్కలు వేశాడు. తెల్లగానే ఉన్నాయి.

అప్పుడు ఆయన చూపు కుళాయి గొట్టానికి తగిలించిన మోటారు మీద పడింది.

"ఈ మోటారు తీసేయండమ్మా. గొట్టం ఎక్కడో పగిలింది. మీరు లాగినప్పుడల్లా పక్క కాలవలో మురుగు కూడా లాక్కొస్తోంది."

"పైనున్న ఇరవై ఇళ్లకూ మోటార్లున్నాయి. మేమొక్కళ్లం తీసేస్తే ఈ కుళాయిలో గాలి వస్తుంది. గాలి తాగమంటావా?"

గొట్టం సంగతి తాను చూస్తానన్నాడాయన. అందాకా నీళ్లు కాచి తాగమని, పిల్ల విషయంలో మరీ జాగ్రత్తని చెప్పి వెళ్లాడు. అద్దంలా ఉన్న నీళ్లను కాచడమేమిటని ఆవిడ నవ్వుకుంది.

రెండోసారీ తెల్లగానే. మూడోసారీ అంతే.

మూడోసారి ఇంకో మాట కూడా చెప్పాడు. నీళ్ల ఆఫీసు ఇంజనీరును కాళ్లావేళ్లా పడి ఒప్పించాడట. సోమవారం వీధి తవ్వి గొట్టం మారుస్తారు. పది రోజులు నీళ్లు బంద్.

వీధి భగ్గుమంది. పది రోజులు బిందెలు ఎవరు మోస్తారు? ఎవరడిగారు ఈయన్ని? పనీపాటా లేని ముసలాడు మా కొంప ముంచడానికి దాపురించాడని తలా ఒక మాటా అన్నారు.

ఉపాయం చెప్పింది ఎదురింటి దర్జీ.

"ఆయనకు కావలసింది ఆ పసుపు రంగేగా అక్కా. చూపిస్తే పోలా?"

తవ్వేముందు ఆఖరిసారి చూసుకుందామని ఆయన శనివారం వచ్చాడు. ఆవిడ గుమ్మంలోకే ఎదురెళ్లి, కుళాయి ఆగిపోయేలా ఉంటే మీకోసమే పట్టి ఉంచానంటూ చెంబు అందించింది. గోటి చివరంత బ్లీచింగ్ పౌడరు అందులో కలిపిన సంగతి చెప్పలేదు.

పసుపు తేలింది.

ఆయన సీసాను వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు. ఆ ముఖం నవ్వగలదని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. తనను మూడుసార్లు గుమ్మంలోంచే పంపించిన మనిషికి చేతులెత్తి దండం పెట్టాడు.

"చల్లగా ఉండండమ్మా. క్లోరిన్ మీ ఇంటిదాకా వచ్చింది."

సోమవారం ఎవరూ తవ్వలేదు. దర్జీ తన తెలివికి తానే మురిసిపోయాడు. ఆవిడకు మాత్రం మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. కానీ నీళ్లు వస్తున్నాయి, రోజు గడుస్తోంది. ఊరుకుంది.

పన్నెండో రోజు పొద్దున పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి విరేచనాలు. సాయంత్రం ఆస్పత్రి వార్డులో చూస్తే ఆ వీధివాళ్లే తొమ్మిదిమంది.

ఎనిమిదిమంది ఇంటికొచ్చారు. పిల్ల రాలేదు.

 

నెల తిరిగాక ఆవిడ నీళ్ల ఆఫీసుకు వెళ్లింది. ఆయన కాళ్లమీద పడి నిజం చెప్పేయాలి. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ. గుడ్డసంచి వేసుకుని వీధులు తిరుగుతారే, ఆ ఆఫీసరుగారు ఎక్కడ కూర్చుంటారని గుమాస్తాను అడిగింది.

గుమాస్తా ఫైల్లోంచి ఓ కాగితం తీసి చూపించాడు. చుక్కలాయన రాసిచ్చిందే. చివరింట్లో పసుపు వచ్చింది, ఆ వీధి తవ్వనక్కర్లేదు, మనుషుల్ని ఇంకో వీధికి పంపండి అని ఉంది.

ఆవిడ కాగితంలో ‘పసుపు’ అన్న మాట మీద వేలు పెట్టింది.

"అంత మంచి ఆఫీసర్ని నేను..."

"ఆఫీసరేంటమ్మా," అన్నాడు గుమాస్తా. "మామూలు ఉద్యోగి. రిటైరై రెండేళ్లయింది. ఇంట్లో కూర్చోలేక తిరుగుతుండేవాడు. మీ వీధి సంగతి తెలిసిన రోజు వచ్చి ఆ సంచి ఇక్కడ పడేసి వెళ్లాడు. ‘మళ్లీ నేనే చంపాను’ అన్నాడు. ఇంక రాలేదు."

‘మళ్లీ’ అంటే ఏమిటని అడిగింది ఆవిడ.

గుమాస్తా కాగితాన్ని ఫైల్లో పెట్టేసి, తలెత్తకుండానే చెప్పాడు. నౌకరీలో ఉన్న ఇరవైమూడేళ్లూ ఆ వీధి నీళ్లు పరీక్ష చేయాల్సింది ఆయనేనట. ఆ నీళ్లకు అప్పుడూ కొందరు పోయారట. చివరిల్లు ఎక్కడుందో కూడా చూడకుండా, కుర్చీలోంచి లేవకుండా, రిజిస్టరులో రోజూ ‘పసుపు’ అని రాసిన మనిషి ఆయనేనట.