ఆ చేతి మడతే కావాలి

తెల్లారేసరికి ఆకాశం కడిగిపెట్టినట్టుంది. ఒక్క మబ్బు లేదు. గాలి మాత్రం ఉండుండి తిరుగుతోంది. మడతక్క షెడ్డు గుమ్మంలో నిలబడి ఆ గాలినే చూస్తోంది.

“నా వల్ల కాదు సార్. ఇంకెవరితోనైనా మడిపించండి.”

“దూకే ఆయన మడత చీటీ మీది నీ నంబరు చెప్పి మరీ అడిగాడమ్మా,” అన్నాడు సూపర్‌వైజర్.

ప్యారాచూట్లు మడవడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే పని కాబట్టి అసలు పేరు అందరూ మరిచిపోయారు. మిత్రదేశంతో ఉమ్మడి విన్యాసాలు జరిగినప్పుడల్లా ఒక ఆనవాయితీ ఉండేది. వాళ్ల సైనికులు ఇక్కడ మడిచిన ప్యారాచూట్‌తో దూకేవారు, ఇక్కడివాళ్లు అక్కడ మడిచినదానితో. రెండేళ్ల కిందట ఆమె మడిచినదొకటి గాలిలో విచ్చుకోలేదు. వాళ్ల కుర్రాడొకడు పోయాడు. మడతలో తప్పు లేదు, దూకేటప్పుడు తాళ్లు మెలిపడ్డాయని విచారణలో తేల్చారు. ఆమె మాత్రం తేల్చుకోలేకపోయింది. అప్పటినుంచి ఎవరివి వాళ్లే తెచ్చుకుంటున్నారు.

“యాభై ఏళ్ల స్నేహం. రెండు పార్లమెంట్లూ ఓటేశాయి. ఒప్పందాన్ని ఇంకో ఇరవై ఏళ్లు పొడిగిస్తూ ఇవాళ సంతకాలు. కానీ మనది కట్టుకుని దూకడానికి వాళ్లలో ఒక్కడే ముందుకొచ్చాడు. ఆ ఒక్కడూ దూకకపోతే అది ఉత్త కాగితం,” అన్నాడు సూపర్‌వైజర్.

“మళ్లీ ఏమన్నా అయితే?”

సూపర్‌వైజర్ గడ్డం గోక్కున్నాడు.

అంతలో ఆ ఒక్కడూ వచ్చాడు. తల నెరిసిన సార్జెంట్. స్టూలు లాక్కుని ఆమె బల్ల పక్కనే కూర్చున్నాడు.

“అత్తగారిలా కూర్చున్నాడు చూడక్కా,” పక్క బల్లావిడ గొణిగింది. “తప్పు పట్టేదాకా కదలడు. అందుకే పంపుంటారు.”

“నోరు మూసుకోవే. నన్ను పని చేసుకోనీ.”

పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచింది. అంచులు కలిపి గాలి నొక్కేసింది. తాళ్లు ఒక్కొక్కటే వేళ్ల మధ్యనుంచి జార్చి చూసుకుంది. సంచిలో కుక్కి, మూతి కట్టి, మళ్లీ విప్పేసింది. మళ్లీ మొదలు. మూడోసారి మడిచేసరికి జాకెట్టు చెమటకి తడిసిపోయింది. అతను గుడ్డ వంక చూడనే లేదు. ఆమె చేతులే చూస్తున్నాడు. చివరికి ఆమె చీటీ మీద సంతకం పెడితే, దాని కింద తనూ పెట్టి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మైదానం మీదికి విమానం వచ్చింది. నల్లచుక్క ఒకటి రాలింది.

“ఒకటి, రెండు, మూడు...” ఆమె పైకే లెక్కపెడుతోంది. నాలుగు దగ్గర లెక్క ఆగిపోయింది.

చుక్క మీద గొడుగు విచ్చుకుంది.

ఆమె ఉన్నచోటే గడ్డిలో కూలబడింది. “లే అక్కా, గెలిచావు,” అంటూ పక్క బల్లావిడ రెక్క పట్టి లేపింది.

మధ్యాహ్నం సంతకాలయ్యాయి. క్యాంటీన్లో సార్జెంట్ కంచం పట్టుకుని వచ్చి, అన్ని బల్లలూ దాటి, మడతక్క ఎదురుగా కూర్చున్నాడు. సూపర్‌వైజర్ ఆమె పక్కన చేరాడు. ముగ్గురూ కలిసి తిన్నారు. ఆమె గ్లాసు ఖాళీ అయితే అతనే నీళ్లు పోశాడు. తిని, లేచి, తల కాస్త వంచి వెళ్లిపోయాడు.

“పొద్దున చెబితే నీ చేతులాడవని చెప్పలేదమ్మా,” అన్నాడు సూపర్‌వైజర్.

“ఏంటి సార్?”

“అప్పుడు పోయిన కుర్రాడు ఆయన కొడుకే.”