పులిని చూడని అతిథి

"పులిని చూడ్డానికి ఇవాళా రాదట!" రవికాంత్ కారు తాళాలు బల్ల మీద పడేశాడు. "క్యా కరూఁ, ఏం చెయ్యను? బుక్ చేసిన సఫారీ కూడా వదిలేసుకుంది."

మధులత స్టవ్ తగ్గించింది. "మరి ఎందుకొచ్చినట్టు ఇంత దూరం?"

అదే ఎవరికీ అంతుపట్టడం లేదు. రాయపూర్‌లో విమానం దిగి కాన్హా అడవికి వెళ్లే విదేశీయులు ఈ మధ్య బాగా పెరిగారు. రవికాంత్ వాళ్లను తన కారులో తిప్పుతున్నాడు. దారిలో ఒక పూట ఆగేవాళ్ల కోసం మధులత ఉక్కు ప్లాంటు కార్మికుల బస్తీ క్యాంప్ వన్‌లోని తమ మేడగదికి రంగులు వేయించి, చనిపోయిన మామగారి పేరు పెట్టింది. ‘పోలయ్య హోమ్‌స్టే’. జర్మన్లు వచ్చారు, జపాన్ దంపతులు వచ్చారు. అందరూ తెల్లారగానే పులి కోసం పరుగెత్తినవాళ్లే. ఈ రష్యా ఆవిడ లారిసా మాత్రం కదలడం లేదు. యాభై దాటిన మనిషి. పొద్దున్నే ఆటో ఎక్కి సెక్టర్ సెవెన్‌కి వెళ్తుంది. ఒక పాత ప్లాంటు క్వార్టర్ ఎదురుగా కాసేపు నిలబడి తిరిగి వచ్చేస్తుంది.

"ప్లాంటు ఫొటోలు తీస్తందేటో, సూసుకో అమ్మా," అన్నాడు ఎదురింటి బంగార్రాజు. ప్లాంటులో రిటైరైన ఆయనకు ప్రతి కొత్త మనిషీ గూఢచారే. "పోలీసులకి సెప్పినావా?"

"వచ్చిన రోజే ఆన్‌లైన్‌లో పెట్టీసేం బాబాయ్."

మధులత అనుమానం వేరు. అది బయటికి చెప్పుకునేది కాదు.

లారిసా దిగిన రోజు మధ్యాహ్నం మధులత మంచినీళ్లు తీసుకొస్తూ గుమ్మంలో ఆగిపోయింది. దండ వేసిన పోలయ్య ఫొటో అద్దం మీద చెయ్యి ఆన్చి లారిసా కన్నీళ్లు పెట్టుకుంటోంది. ఆమె ఎదురుగా అత్తగారు అప్పలనర్సమ్మ రెండు చేతులూ జోడించి, వద్దు వద్దన్నట్టు తల ఊపుతోంది. అడుగుల చప్పుడు వినగానే ఇద్దరూ చెరోవైపుకి జరిగిపోయారు.

ఆ పూట నుంచి అత్తగారు గది దాటి రావడం లేదు. లోపలికి పంపిన పళ్లెం పంపినట్టే తిరిగొస్తోంది.

"ఏటత్తా, ఒంట్లో బాగులేదా?"

"ఏటీ నేదు. ఆ పిల్ల ఎప్పుడెల్తాది?"

యాభై దాటిన మనిషిని పిల్ల అనడం మధులతకి వింతగా తోచింది.

ఆ సాయంత్రం టీ పట్టుకుని మేడ మీదకు వెళ్తే లారిసా ఫోన్‌లో ఒక పాత నలుపు తెలుపు బొమ్మ చూసుకుంటోంది. క్వార్టర్ వరండాలో వాలు కుర్చీలో నీరసంగా ఒక తెల్ల యువతి. పక్కనే నిండు యవ్వనంలో పోలయ్య. అతని చేతుల్లో తెల్లటి పసిబిడ్డ. సొంత బిడ్డను ఎత్తుకున్నట్టు నవ్వుతున్నాడు. మధులతను చూసి లారిసా గబుక్కున ఫోన్ తిప్పేసింది.

"నాన్న అప్పట్లో ప్లాంటు కట్టడానికొచ్చిన రష్యా ఇంజనీర్ల ఇళ్లల్లో తోటపని చేసేవోడు," అన్నాడు రవికాంత్ విని. "ఫొటో ఉంటే ఏటయింది?"

"తోటమాలి చేతికి పసిబిడ్డనిచ్చి ఫొటో తీయించుకుంటారా? అత్త దండం పెట్టి బతిమాలడం నా కళ్లతో చూశాను."

రవికాంత్ మెల్లగా కూర్చున్నాడు. "నాకంటే ముందు పుట్టిన అక్క పురిట్లోనే పోయిందట. అమ్మ ఏడుస్తూ ఉండేదట. అలాంటప్పుడు నాన్న..." తండ్రి ఫొటో వైపు చూశాడు. "ఇప్పుడు ఇంట్లో వాటా అడుగుతుందా?"

"వాటా సంగతి తర్వాత. ఈ వయసులో అత్త నలుగురిలో తలెత్తుకోవద్దా?"

మర్నాడు ఉదయం లారిసా మెట్లు దిగుతుంటే మధులత అడ్డంగా నిలబడింది. ఆవిడ ఫోన్ అందుకుని హిందీలో చెప్పింది. "మా అత్తగారు మీ వల్ల తిండి మానేశారు. మీరెవరో మాకు అర్థమైంది. మామగారు ఇప్పుడు లేరు. దయచేసి వెళ్లిపోండి."

ఫోన్ ఆ మాటల్ని రష్యన్‌లో పలికింది. లారిసా ముఖం పాలిపోయింది. నెమ్మదిగా ఏదో అంది. ఫోన్ దాన్ని హిందీలో వినిపించింది. "నేను ఆయన కోసం రాలేదు."

లారిసా మేడ మీదకు వెళ్లి సంచి తెచ్చుకుంది. మూసి ఉన్న అత్తగారి గది తలుపు మీద ఒక్క క్షణం అరచెయ్యి ఉంచి, వెనక్కి తిరిగింది.

తలుపు తెరుచుకుంది.

"ఆ సంచి లోపలెట్టు, మధూ," అంది అప్పలనర్సమ్మ. గోడ పట్టుకుని బయటికొచ్చింది. "మీ మావని అనుమానించీనారేటే? దేవుడులాంటి మనిషి. ఎవులికీ తెలకుండా సైకిలెక్కించి నన్నా రష్యావోళ్ల ఇంటికాడ దింపీవోడు, మళ్లీ తెచ్చీవోడు. బిడ్డ పోయిన మైలలో ఉన్నాను. పరాయోళ్లింటికి ఎల్తన్నానని తెలిస్తే మా అత్త నన్ను గడప తొక్కనిచ్చీది కాదు. ఇన్నేళ్లు దాచింది ఇప్పుడెలా సెప్పుకోను? అందుకే నోరిప్పొద్దని ఈ పిల్లకి దండమెట్టేను."

"నిన్ను ఆ ఇంటికి ఎందుకు తీసుకెళ్లేవారు అత్తా?"

ముసలామె లారిసా దగ్గరికి నడిచింది. పైట చెంగుతో ఆమె చెంపలు తుడిచింది.

"ఇది నా పాలు తాగి బతికింది."