దడి అవతలి పిల్ల

రత్నమాణిక్యం ఒళ్ళో ఆ పిల్లని చూస్తే చాలు, చిట్టెమ్మకి ఒళ్ళు మండిపోయేది.

ఊరికి కొత్తగా గోదారి కాలవ వచ్చిన రోజులవి. రెండిళ్ళకీ మధ్య తాటాకు దడి ఒక్కటే అడ్డం. అవతల మాణిక్యం పిల్లకి తల దువ్వుతుంటే, ఇవతల వడ్లు దంచే చిట్టెమ్మ రోకలికి ఎక్కడలేని బలం వచ్చేది. పిల్ల "అమ్మా" అని పిలిచిందా, ఆ దెబ్బలు వీధి చివరిదాకా వినపడేవి. అసూయే. దానికి ఇంకో పేరు పెట్టక్కర్లేదు.

ఉండదా మరి? చిట్టెమ్మ ఇంట్లో ముగ్గురు పిల్లలు కోరింత దగ్గుతో ఒకరి వెనక ఒకరు పోయారు. ఆ ఇంట్లో ఉయ్యాల గొలుసులు తుప్పు పట్టాయి.

"అత్తా, జాంకాయ," అంటూ పిల్ల దడి సందులోంచి చెయ్యి చాపేది.

"పోవే కాకిపిల్లా, నీ మొహం ఎవరిక్కావాలి," అని కసిరేది చిట్టెమ్మ. జాంకాయ మాత్రం చేతిలో పడేది.

ఆ ఏడు పాలకొల్లు చుట్టుపక్కల మళ్ళీ కోరింత దగ్గు దిగింది. పిల్లకీ పట్టుకుంది. దగ్గి దగ్గి మొహం నీలంగా మారేది. ఊపిరి లాక్కునేటప్పుడు గొంతులో కూత వచ్చేది. ఆ కూత చిట్టెమ్మకి బాగా తెలుసు.

పొద్దున్నే చాకలిరేవుకి పోయి గాడిదపాలు పట్టుకొచ్చింది. దడి మీంచి అందించింది.

"లోపలికి రా వదినా, నీ చేత్తోనే పట్టు," అంది మాణిక్యం.

వాళ్ళత్తగారు అడ్డొచ్చింది. "దాని నీడ పడనివ్వకే. చావు వాళ్ళింట్లో కాపురం పెట్టింది."

చిట్టెమ్మ దడి ఇవతలే ఆగిపోయింది. ముసలిది అన్నది నిజమేనని ఆమె కూడా నమ్మింది. మాణిక్యం ఉగ్గుగిన్నెతో పాలు పడుతుంటే సందులోంచి చూస్తూ నిలబడింది. ఆ చెయ్యి విరిగిపోను అనుకుంది. వెంటనే, ఆ చెయ్యి చల్లగా ఉండాలనీ అనుకుంది.

నెలలు గడిచాయి. కూత తగ్గింది. పిల్ల బతికింది.

మాణిక్యం దాన్ని దడి దాకా ఎత్తుకొచ్చింది. "ఒక్కసారి ఎత్తుకో వదినా. ఎవరూ చూడ్డం లేదు."

చిట్టెమ్మ చేతులు కొంగులో దాచేసుకుంది.

"నాకెందుకు నీ పిల్ల," అంది, ఇంకెవరో వినాలన్నట్టు గట్టిగా.

మూడేళ్ళ కిందట, కన్నబిడ్డ తనది కాదని చావుని నమ్మించడానికి దాన్ని చేటెడు తవుడికి మాణిక్యానికి అమ్మేసి, పురిటిమంచం మీంచి చిట్టెమ్మ అన్న మాట కూడా అదే.